ఇంటి కూడిక: దేవుడు మన మధ్య ఉన్నాడని ఎరిగి కూడుకోవడం ఎలా

విజయవాడలో, గుంటూరులో ఏ పేటకు వెళ్ళినా వారంలో ఏదో ఒక సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతూనే ఉంటుంది. మెట్ల దగ్గర చెప్పులు, లోపల చాపలు, సన్నగా డోలక్ చప్పుడు. కూడిక అయ్యి బయటికొచ్చాక చాలామంది అనే మాట ఒకటుంది: "ఇవాళ సన్నిధి బాగా దిగిందండీ." లేకపోతే, "ఎందుకో ఇవాళ సన్నిధి లేదండీ." ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. పాట పైకి లేస్తే, కన్నీళ్ళు వస్తే, ఒళ్ళు జలదరిస్తే దేవుడు వచ్చినట్టు, లేకపోతే రానట్టు. కూడిక పెట్టుకునేవాళ్ళు ముందు సరిచేసుకోవాల్సింది ఈ లెక్కనే. ఎందుకంటే మిగతా ఏర్పాట్లన్నీ దాన్ని బట్టే నడుస్తాయి.

నిర్గమకాండము 25:8లో దేవుడు మోషేతో అన్న మాట చూడండి: "నేను వారిలో నివసించునట్లు వారు నాకు పరిశుద్ధస్థలమును నిర్మింపవలెను." కట్టమన్నది గుడారం, నివసిస్తానన్నది మాత్రం "వారిలో". మందిరం ప్రతిష్ఠించిన రోజున సొలొమోను సైతం "ఆకాశ మహాకాశములు సహితము నిన్ను పట్టజాలవు" అని ఒప్పుకున్నాడు (1 రాజులు 8:27). ఇక పౌలు కొరింథు సంఘానికి రాసింది: "మీరు దేవుని ఆలయమై యున్నారనియు, దేవుని ఆత్మ మీలో నివసించుచున్నాడనియు మీరెరుగరా?" (1 కొరింథీయులకు 3:16). ఇక్కడ తెలుగువాళ్ళం సులువుగా పొరబడతాం. మన వాడుకలో "మీరు" అంటే పదిమందీ కావచ్చు, గౌరవంగా పిలిచే ఒక్కరూ కావచ్చు. అందుకని ఈ వచనం చదివిన ప్రతివాళ్ళూ తన ఒక్కరితో అన్నట్టే వింటారు. గ్రీకు మూలంలో అది బహువచనం. మీరందరూ కలిసి ఒక్క ఆలయం అంటున్నాడు పౌలు. దేహం ఆలయమని చెప్పే మాట వేరే ఉంది, 6:19లో, వ్యభిచారం గురించి హెచ్చరించే చోట. మూడో అధ్యాయం గొడవంతా సంఘంలో "నేను పౌలువాడను", "నేను అపొల్లోవాడను" అని చీలిపోయినవాళ్ళతో.

కాబట్టి సన్నిధిని దించడం మన పని కాదు. ఉంటానని మాట ఇచ్చినవాడు ఉన్నాడు. కూడినవాళ్ళ మధ్య ఆయనకు అడ్డుగా పేరుకున్నవి తీయడమే మన చేతిలో ఉంది. అందుకే కింద పాటల కంటే తగాదాల గురించి, మైకు కంటే టీ గ్లాసుల గురించి ఎక్కువ రాశాం.

వారం ముందు: మాటల్లేని ఇళ్ళు

"ఇద్దరు ముగ్గురు నా నామమున ఎక్కడ కూడియుందురో అక్కడ నేను వారి మధ్యన ఉందును." మత్తయి 18:20. గోడ క్యాలెండర్ల మీద ఈ వచనం ఒంటరిగా కనిపిస్తుంది. అధ్యాయంలో మాత్రం దానికి సరిగ్గా ముందున్నది తప్పు చేసిన సహోదరుణ్ణి ఎలా తిరిగి కలుపుకోవాలన్న సంగతి: మొదట ఒంటరిగా వెళ్ళి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకు వెళ్ళాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. రాజీపడిన ఇద్దరు ముగ్గురి మధ్య ఉంటానన్న మాట అది.

కూడిక బుధవారం అనుకుందాం. ఆదివారం ఆరాధన అయ్యాక నడిపించేవాళ్ళు ఇద్దరు కూర్చుని, వచ్చేవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే తలుచుకోవాలి. ఎవరికి ఎవరితో మాటల్లేవు? ఎవరు ఎవరి ఇంటికి రావడం మానేశారు? ముందు ఎవరు వెళ్ళాలన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మత్తయి 5:23–24 ప్రకారం తప్పు చేసినవాడు వెళ్ళాలి, 18:15 ప్రకారం నొచ్చుకున్నవాడు వెళ్ళాలి. కాబట్టి ఎవరికి ముందు గుర్తొస్తే వాళ్ళే.

ఇంటికి వెళ్ళి ఎదురుగా మాట్లాడాలి. వాట్సాప్‌లో పెడితే గొంతులోని మెత్తదనం అవతలివాళ్ళకు అందదు, పైగా స్క్రీన్‌షాట్ నాలుగిళ్ళు తిరుగుతుంది. చెప్పేది మూడు ముక్కల్లో ఉండాలి: "వదినా, మొన్న మీ అమ్మాయి సంబంధం సంగతి నలుగురిలో ఎత్తాను. అది నా తప్పే. మనసులో పెట్టుకోకండి." అక్కడితో ఆగాలి. "కానీ మీరు కూడా ఆ రోజు..." అని మొదలుపెట్టారంటే వచ్చిన పని చెడినట్టే. అవతలివాళ్ళు వెంటనే మెత్తబడకపోయినా ఫర్వాలేదు, మంచినీళ్ళు తాగి లేచి రండి. రెండో వారం మళ్ళీ వెళ్ళవచ్చు.

డబ్బు తగాదాలు వేరే జాతి. మన ఊళ్ళలో విశ్వాసుల మధ్య చీటీలు, చేబదుళ్ళు, నూటికి రెండు మూడు వడ్డీలు మామూలే. అవి కూడికలోకి వస్తే కూడిక నిలవదు. కూడికకు ముందు గానీ తర్వాత గానీ ఆ ఇంట్లో చీటీ డబ్బు వసూలు చేయకూడదన్న నియమం మొదటి వారమే పెట్టేయండి. రెండు వాయిదాలు బాకీపడ్డ మనిషి మూడో వారం నుంచి కనిపించడు. ఆరోగ్యం బాగాలేదంటారు ఇంట్లోవాళ్ళు. అసలు సంగతి, గుమ్మంలోనే అడుగుతారేమోనన్న భయం.

గది, చాప, గడియారం

పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో నేల మీద మనిషికి ఆరు చదరపు అడుగుల లెక్కన ఇరవై మంది పడతారు. తలుపు దారి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు మూడు కుర్చీలు తీసేస్తే పదిహేను మంది. అంతకు మించితే వేసవిలో డాబా మీదకు మార్చండి, లేదా రెండు కూడికలు చేసుకోండి. గాలాడని గదిలో అరగంట దాటాక ఎవరి మనసూ వాక్యం మీద ఉండదు. విజయవాడలో క్రీస్తురాజపురం, మొగల్రాజపురం, గుణదల కొండల మీద ఇళ్ళలో కూడిక అయితే మెట్లు ఎక్కలేనివాళ్ళు ఎవరో ముందే చూసుకుని, నెలకు ఒకటి రెండుసార్లయినా కింది ఇంట్లో పెట్టండి.

కూడిక ఇల్లిల్లూ తిరగాలి. గ్రానైట్ నేల, ఏసీ ఉన్న ఇంట్లోనే ప్రతిసారీ పెడితే ఒక్క గది పోర్షన్‌లో ఉండేవాళ్ళు ఎప్పటికీ చుట్టాల్లాగే వచ్చిపోతారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, బీదవాడికి పాదపీఠం దగ్గర చోటు ఇవ్వడాన్ని యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఎంత గట్టిగా తప్పుపట్టిందో చదివినవాళ్ళమే కదా.

వరసల్లో కాకుండా గుండ్రంగా కూర్చోండి. అరణ్యంలో ఇశ్రాయేలు దిగినప్పుడు ప్రత్యక్షపు గుడారం మధ్యలో ఉండేది, నాలుగు దిక్కులా మూడేసి గోత్రాలు దానివైపు తిరిగి దిగేవి (సంఖ్యాకాండము 2). వరసల్లో కూర్చుంటే వెనకవాళ్ళకు ముందువాళ్ళ వీపులే కనిపిస్తాయి, కాసేపటికి చేతిలోకి ఫోన్ వస్తుంది. పాస్టరుగారు వస్తే కుర్చీ వేయండి, పెద్దల మర్యాద పెద్దలకు దక్కాలి. అయితే ఆ కుర్చీ కూడా గుండ్రంలోనే ఉండాలి, ఎదురుగా వేదికలాగా వేయకూడదు. పిల్లల్ని ఫోన్ ఇచ్చి పక్కగదిలో కూర్చోబెట్టే అలవాటు మానుకోవాలి. మత్తయి 18లోనే, మొదట్లో, యేసు ఒక చిన్నబిడ్డను పిలిచి శిష్యుల మధ్య నిలబెట్టాడు. "వారి మధ్యన ఉందును" అన్న మాట ఆ తర్వాతే వచ్చింది. ఏడెనిమిదేళ్ళ పిల్లలు వచనం చదవగలరు, పాటకు తాళం వేయగలరు. చిన్నపిల్ల ఏడిస్తే తల్లి లేచి తిప్పుకుని వస్తుంది, ఎవరూ ముఖం చిట్లించక్కర్లేదు.

వేళ విషయంలో అందరికంటే ఆలస్యంగా పని దిగేవాళ్ళను లెక్కలోకి తీసుకోండి. గుంటూరులో ఫిబ్రవరి నుంచి మిర్చి యార్డు సీజన్. అక్కడ బస్తాలు మోసి, కాయలు ఏరి వచ్చేవాళ్ళు ఆరున్నరకు రాలేరు. వచ్చినా బట్టల మీద మిర్చి ఘాటు ఉంటుంది, పక్కవాళ్ళకు దగ్గు వస్తుంది. అది చూసి వాళ్ళే గుమ్మం బయట కూర్చుండిపోతారు. కూడిక ఏడున్నరకు పెట్టండి, ఇంటికి వెళ్ళి స్నానం చేసి వచ్చే వ్యవధి ఉంటుంది. నేరుగా వచ్చినవాళ్ళకు కిటికీ పక్కన చోటుంచి, ఒక చెంబుతో నీళ్ళు, తువ్వాలు సిద్ధంగా పెట్టండి. "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" అని పౌలు చెప్పింది (1 కొరింథీయులకు 11:33) పని దిగి ఆలస్యంగా వచ్చే బీదవాళ్ళను వదిలేసి ముందే తినేసిన సంఘానికే. విజయవాడలో బీసెంట్ రోడ్డు దుకాణాల్లో పనిచేసేవాళ్ళుంటే వాళ్ళ సెలవు రోజేదో అడిగి కూడిక ఆ రోజుకు మార్చండి. దసరా రోజుల్లో వన్‌టౌన్ వైపు, ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు మేరీమాత ఉత్సవాల్లో గుణదల వైపు రోడ్లు మూసుకుపోతాయి. ఆ వారాల్లో వేరే పేటలో ఇల్లు చూసుకోవాలి.

చెప్పులు మెట్లకు ఒక పక్కగా, బళ్ళు పక్కింటి గేటు వదిలి పెట్టాలి. పదిహేను మందికి మైకు అక్కర్లేదు. మైకు పెట్టగానే ఒక్కరి గొంతు మిగతా పద్నాలుగు గొంతుల్ని మింగేస్తుంది, పక్కింట్లో చదువుకునే పిల్లాడికీ ఇబ్బంది. ఆరుబయట రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు స్పీకర్లు వాడకూడదని చట్టం కూడా ఉంది. డాబా మీద పెట్టుకునేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

గంటంబావులో ఏం చేయాలి

మొత్తం 75 నిమిషాలు. మౌనం 3, పాటలు 12, వాక్యం చదవడం 8, వివరణ 17, మనవులు చెప్పుకోవడం 10, ప్రార్థన 25. ఎక్కడైనా నిమిషాలు తగ్గించాల్సి వస్తే వివరణలో తగ్గించండి, ప్రార్థనలో వద్దు.

మౌనంతో మొదలుపెట్టడం మనవాళ్ళకు కొత్త. "యెహోవా తన పరిశుద్ధాలయములో ఉన్నాడు, ఆయన సన్నిధిని లోకమంతయు మౌనముగా ఉండునుగాక" (హబక్కూకు 2:20) అని ఒకరు మెల్లగా చదివి, "ప్రభువు మన మధ్య ఉన్నాడు, మూడు నిమిషాలు మాటల్లేకుండా ఆయన ఎదుట ఉందాం" అనాలి. మొదటి నిమిషంలో దగ్గులు, సర్దుకోవడాలు. రెండో నిమిషంలో ఎవరో ఉండబట్టలేక "స్తోత్రం, స్తోత్రం" అంటారు. ఆపకండి. నెల తిరిగేసరికి వాళ్ళకే అలవాటవుతుంది. మూడో నిమిషంలో ఫ్యాను తిరిగే చప్పుడు వినపడుతుంది, ఎవరో ముక్కు ఎగబీలుస్తారు, పక్కనున్న పెద్దావిడ కళ్ళు మూసుకునే చెయ్యి చాచి వాళ్ళ భుజం మీద వేస్తుంది. గడియారం చూసేది నడిపించేవాళ్ళు ఒక్కరే.

పాటలు రెండు చాలు, అందరికీ నోటికి వచ్చినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం నుంచి ఒకటి, పిల్లలకు తెలిసింది ఒకటి. శ్రుతి కాస్త దించి ఎత్తుకోండి. పై శ్రుతిలో ఎత్తుకుంటే మొదట బాగానే ఉంటుంది, చరణంలో పైస్థాయికి వెళ్ళేసరికి పెద్దవాళ్ళ గొంతులు ఆగిపోతాయి. పల్లవిని పది పన్నెండుసార్లు తిప్పి తిప్పి పాడి వేడెక్కించడం వద్దు. ఆ వేడినే సన్నిధి అనుకునే అలవాటు అక్కడే మొదలవుతుంది.

వాక్యభాగం చదివేవాళ్ళకు ముందురోజే చెప్పాలి. పాత అనువాదంలో సంధులు కలిసిపోయిన పెద్ద పదాలుంటాయి, అప్పటికప్పుడు ఇస్తే తడబడి సిగ్గుపడతారు. పది పదిహేను వచనాలు, ఇద్దరు వేరువేరు గొంతులతో రెండుసార్లు చదవాలి. చదువురానివాళ్ళు రెండోసారికి పట్టుకుంటారు.

మనవి ఒక్క వాక్యంలో చెప్పమనండి. "మా అబ్బాయికి ఉద్యోగం కోసం" చాలు, ఇంటర్వ్యూ కథంతా అక్కర్లేదు. అనారోగ్యాలు, సంబంధాలు, కాపురం గొడవలు గదిలో విన్నవి గదిలోనే ఉండాలి, గ్రూపులో టైపు చేయకూడదు. ఈ ఒక్కటీ తప్పితే ఆడవాళ్ళు నోరు విప్పడం మానేస్తారు. తిరిగి నమ్మకం కలగడానికి నెలలు పడుతుంది.

ప్రార్థనలో మొదటి మూడు నాలుగు నిమిషాలు అందరూ ఒకేసారి గొంతెత్తి చేసుకోవచ్చు, మనకు అలవాటైన పద్ధతే. తర్వాత ఒక్కొక్కరు, రెండేసి నిమిషాలు. పక్కవాళ్ళ ప్రార్థన విని మనస్ఫూర్తిగా ఆమేన్ అన్నప్పుడే పదిహేను మంది ప్రార్థన ఒకటవుతుంది. పావుగంట ప్రార్థించే పెద్దాయన ప్రతి కూడికలోనూ ఒకరుంటారు. అందరిలో ఆపవద్దు. తర్వాత విడిగా, "బాబాయ్, కొత్తగా వచ్చినవాళ్ళు నోరు తెరవాలంటే మనం కాస్త కుదించుకోవాలి, మీరే ముందు చేసి చూపించండి" అంటే వింటారు. ఎత్తిపొడుపు ప్రార్థన అంతకంటే ప్రమాదం: "ప్రభువా, కొందరికి పొగరు ఎక్కింది, అణచివేయి." ఎవరి గురించో గదిలో అందరికీ తెలుసు. అలా చేసినవాళ్ళను మర్నాడే కలిసి, ఆ ఇంటికి వెళ్ళి మాట్లాడమని చెప్పాలి.

ఎవరైనా "ప్రభువు నాకు చెప్పాడు" అని మొదలుపెడితే వినండి, వెంటనే తలూపేయకండి. ఇద్దరు ముగ్గురు మాట్లాడవచ్చు, తక్కినవారు వివేచించాలి అన్నది 1 కొరింథీయులకు 14:29. పెళ్ళిళ్ళు, స్థలాలు, డబ్బు గురించి వచ్చిన మాటలు పెద్దల దాకా వెళ్ళకుండా ఎవరూ ఆచరణలో పెట్టకూడదు. స్వస్థత కోసం గట్టిగా ప్రార్థించండి, అయితే బీపీ, షుగరు, టీబీ మందులు ఆపమని మాత్రం ఎవరి నోటా రాకూడదు. టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు మొండిదై తిరిగి వస్తుంది.

ఇక ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచరణ సంగతి. ఇంటి కూడికకు రకరకాల సంఘాలవాళ్ళు వస్తారు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చినప్పటి నుంచి వేళ్ళూనుకుని 1927లో ఏర్పడిన ఆంధ్ర లూథరన్ సంఘంలో గానీ, 1947లో ఏర్పడిన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో గానీ బల్ల ఇచ్చేది అభిషిక్తులైన పాస్టర్లు. బ్రదరన్ సహవాసాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. కతోలికులకు దివ్యసత్ప్రసాదంలో క్రీస్తు సాక్షాత్తూ ఉన్నాడన్న విశ్వాసం. అందుకని ఇంట్లో సొంతంగా బల్ల పెట్టకండి, ఎవరిది సరైనదన్న వాదనా వద్దు. ఎవరి సంఘంలో వాళ్ళు సిద్ధపడి తీసుకుంటారు.

టీ గ్లాసులు

పదిహేను మందికి లీటరున్నర పాలు, అర లీటరు నీళ్ళు పోస్తే మనిషికి ఒక చిన్న గ్లాసు వచ్చి కొంచెం మిగులుతుంది. టీ, రెండు బిస్కెట్లు, అంతే. ఎవరో ఒక ఇంట్లో ఉప్మా, బజ్జీ మొదలవుతాయి, తర్వాతి ఇంట్లో బిర్యానీ అవుతుంది, ఆ పైన కూలికి వెళ్ళే కుటుంబం "మా ఇంట్లో వద్దులేండి" అంటుంది. మొదటి ఉప్మా దగ్గరే ప్రేమగా ఆపాలి.

గ్లాసులు అందరికీ ఒక్క రకమే. కొందరికి స్టీలు, కొందరికి కాగితం కప్పులు పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది కులాన్ని బట్టి అని పెట్టేవాళ్ళకూ తెలుసు, తాగేవాళ్ళకూ తెలుసు. ఎఫెసీయులకు రెండో అధ్యాయంలో "ఆత్మమూలముగా దేవునికి నివాసస్థలమై యుండుటకు కట్టబడుచున్నారు" అన్న 22వ వచనానికి ఎంతో ఇష్టంగా గీత గీసుకుంటాం. అది 14వ వచనంలో యూదులకూ అన్యజనులకూ నడుమ ఉన్న మధ్యగోడను క్రీస్తు పడగొట్టిన మాటతో మొదలైన పేరా చివర ఉంది. గోడ పడకుండా నివాసం లేదు. కాబట్టి స్టీలు పెడితే పదిహేను మందికీ స్టీలు, చాలకపోతే అందరికీ కాగితం. తాగాక గ్లాసులు కడిగే పని ఇంటావిడ ఒక్కదానికే వదలకండి, ప్రతి వారం ఇద్దరు వంతు తీసుకోవాలి, మగవాళ్ళతో సహా. ఎవరింట్లో ఎవరు తాగరో ఇంటి వంతులు తిరిగేటప్పుడు బయటపడుతుంది. అది కనిపించిన రోజు సంఘ పెద్దలు ఆ ఇంటికి వెళ్ళాల్సిందే, పాటలతో కప్పిపెట్టకూడదు.

ఏడు వారాలకు వాక్యభాగాలు

సన్నిధి గురించి వరసగా చదవాలనుకుంటే ఇలా పెట్టుకోండి. మొదటి వారం నిర్గమకాండము 25:1–9తో 40:34–38 కలిపి, రెండో వారం 1 రాజులు 8:22–30. మూడో వారం యెహెజ్కేలు 10:18–19, 11:22–23. ఇది తొందరగా దాటవద్దు. దేవుని మహిమ మందిరం నుంచి ఒక్కసారిగా వెళ్ళిపోలేదు, గడప దగ్గరకు, తూర్పు గుమ్మానికి, ఆ తర్వాత పట్టణానికి తూర్పున ఉన్న కొండ మీదకు, ఆగి ఆగి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఎనిమిదో అధ్యాయం చెబుతుంది, ఇంటి దగ్గర చదువుకుని రమ్మనండి. నాలుగో వారం యోహాను 1:1–14, ఐదు 1 కొరింథీయులకు 3:9–17, ఆరు ఎఫెసీయులకు 2:11–22, ఏడు ప్రకటన 21:1–4. ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడగండి: ఇక్కడ దేవుడు ఎవరి మధ్య ఉన్నాడు, వాళ్ళ మధ్య ఏం మారింది?

ప్రతి కూడిక చివర, లేచే ముందు, రానివాళ్ళ పేర్లు చదవాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నవాళ్ళో, కాన్పు అయ్యి ఇంట్లో ఉన్నవాళ్ళో, మంచం దిగలేని ముసలివాళ్ళో ఉంటారు. మర్నాడు ఇద్దరు వెళ్ళండి. రోగితో కలిపితే ముగ్గురు, ప్రభువు చెప్పిన లెక్కకు సరిపోతారు. ఆసుపత్రి వేళలు కనుక్కుని వెళ్ళి, పావుగంటకు మించి ఉండకుండా, కూడికలో చదివిన భాగమే పక్క మంచంవాళ్ళకు ఇబ్బంది లేని గొంతుతో చదివి, ఒక చిన్న ప్రార్థన చేయండి. తినేవి తీసుకెళ్ళాలనిపిస్తే డ్యూటీలో ఉన్న నర్సమ్మను అడిగాకే ఇవ్వండి.